డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు - ఆయన చదువునకు సొమ్ము సమకూడిన విధము

మా తాడ్వాయి ప్రాంతమున పదవ తరగతి ముగించిన బాలుడు కామారెడ్డికి పోయి కళాశాలయందు చేరుటయు, పట్టభద్రుడై డిచ్‌పల్లిలోని తెలంగాణ విశ్వవిద్యాలయమునకో హైదరాబాదునకో పోవుటయు నేడు వింత కాదు. ఆపైని చదువే వింత. పట్టము పుచ్చుకొన్న పిమ్మట ఇంకను నాలుగైదేండ్లు పరిశోధన చేయుదునని కుమారుడో కుమార్తెయో చెప్పినప్పుడు, ఆ శాస్త్రమేది, దాని ప్రయోజనమేమి యని యడుగు తండ్రులు కొలదిమంది. ఎవరి సొమ్ముతో చదువుదువని యడుగువారే పెక్కుమంది. అట్లడుగుట తప్పని మేమనము. కాపు యింట సంవత్సరాంతమున మిగులునదెంతయో మేమెరుగుదుము. అందుచేతనే ఈ సంచికలో, తెలుగువారిలో మిక్కిలి గొప్ప శాస్త్రజ్ఞుడని పేరొందిన ఒకరి జీవితమును ఆ ప్రశ్న వైపునుండియే చెప్పబూనితిమి. ఆయన కనుగొన్న మందుల పేళ్లు పాఠ్యపుస్తకములలో దొరకును. ఆ చదువు సాగుటకు ఎవరెవరు చేయి చాచిరో అంతగా ఎవరును చెప్పరు.

యల్లాప్రగడ సుబ్బారావు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వెంకమ్మ. తండ్రి రెవిన్యూ శాఖలో చిన్న యుద్యోగి. అనారోగ్యముచే కాలము తీరకమునుపే ఉద్యోగమును విడువవలసివచ్చెను. బిడ్డలు ఏడుగురు. అందు సుబ్బారావు నాలుగవవాడు. సంసారము ఇట్లుండగా, పదమూడేండ్ల ప్రాయమున ఈ బాలుడు ఒక బంధువుల పిల్లవానిని వెంటబెట్టుకొని యిల్లు వీడి కాశికి బయలుదేరెను. అచ్చట యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని అతని సంకల్పము. తల్లి సంగతి తెలిసికొని వానిని వెనుకకు రప్పించి మరల బడిలో చేర్చెను. కాశిలో అరటిపండ్ల వ్యాపారము చక్కగా సాగియుండినచో ఏమగునో యని తలచుకొన్నప్పుడు మాకు నవ్వును, కొంచెము భయమును గూడ కలుగును.

బడిలో చేరినంతమాత్రమున చదువు సాఫీగా సాగలేదు. రాజమహేంద్రవరమున చదువుచున్న కాలమున ఇంట మరణములు సంభవించెను. మెట్రిక్యులేషను పరీక్షయందు అతడు రెండు పర్యాయములు తప్పెను. మూడవ పర్యాయము మద్రాసు తిరువళ్లిక్కేణిలోని హిందూ హైస్కూలునుండి ఉత్తీర్ణుడయ్యెను. ఆ మద్రాసు చదువునకై తల్లి తన బంగారమును అమ్మినదని చెప్పుదురు. ఈ కథలో చేయి చాచినవారిలో మొదటివారు ఆమెయే. రెండుమారులు పరీక్ష తప్పిన కుమారునిపై మూడవమారు సొమ్ము పెట్టుటకు ఏ విద్యానిధియు నేటికిని ఒప్పుకొనదు. నిధులు మార్కులను చూచును. తల్లి మార్కులను చూడలేదు.

పిమ్మట ప్రెసిడెన్సీ కళాశాలయందు ఇంటర్మీడియేటు చదువుచు సుబ్బారావు గణితమున ప్రతిభ చూపెను. అదే కాలమున రామకృష్ణ మఠమువారి సేవాకార్యములకు ఆకర్షితుడై సన్న్యసింపవలెనని కోరెను. తల్లి అంగీకరింపలేదు. మఠమువారును ఆమె అనుమతి లేనిదే చేర్చుకొనరైరి. రోగులకు సేవచేయుట యే మఠమున కోరితివో ఆ పనిని వైద్యుడవై చేయవచ్చునని వారు బోధింపగా మద్రాసు వైద్య కళాశాలయందు చేరెను.

వైద్యవిద్య నాడును నేడును వ్యయముతో కూడినదే. ఈ చదువునకు మిత్రులు కొందరును, కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును తోడ్పడిరి. సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరిని సుబ్బారావు 1919లో వివాహమాడెను. కాబోవు మామగారి సొమ్ముతో పై చదువు చదువుట ఆ కాలపు మధ్యతరగతి కుటుంబములలో మిక్కిలి వాడుకలోనున్న పద్ధతి. విద్యార్థివేతనములు లేని దేశమున పెండ్లియే విద్యార్థివేతనముగా నుండెను. ఈ పద్ధతిని మేము పొగడజాలము. ఎందుకనగా ఆడుబిడ్డ యున్న ఇంటి సొమ్ము ఆమె చదువునకు గాక అల్లుని చదువునకే పోయెడిది. కాని అనేకులైన తెలుగు వైద్యులును న్యాయవాదులును ఈ విధముననే పైకి వచ్చిరనుట సత్యము. దానిని దాచుట చరిత్రకు తగదు.

కళాశాలలో నున్నప్పుడు గాంధీమహాత్ముడు విదేశవస్త్ర బహిష్కారమునకు పిలుపిచ్చెను. సుబ్బారావు ఖద్దరు ధరింపసాగెను. శస్త్రవైద్యశాలలో వేసికొను అంగీని గూడ ఖద్దరుతోనే కుట్టించుకొని వచ్చెను. శస్త్రవైద్యాచార్యుడైన బ్రాడ్‌ఫీల్డు దొరకు ఇది నచ్చలేదు. వ్రాతపరీక్షలలో బాగుగా వ్రాసినను సుబ్బారావునకు యం.బి.బి.యస్. పట్టము దక్కలేదు. దానికి తక్కువదైన యల్.యం.యస్. పత్రమును మాత్రమే యిచ్చిరి.

విద్యార్థులు ఈ భాగమును శ్రద్ధగా చదువవలెను. ఖద్దరు అంగీ కథ దేశభక్తి కథగా అందరును చెప్పుదురు. అది నిజమే. కాని దాని ధర ఏమో లెక్కవేసినవారు తక్కువ. ఆ మూడక్షరముల తేడా చేత ఆయనకు మద్రాసు ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగము దొరకలేదు. ఉద్యోగము దొరకనందున చేతిలో సొమ్ము నిలువలేదు. పై చదువునకు పోదలచిన వానికి పట్టము పేరు గొప్ప వస్తువు. వేతనములిచ్చు సంఘములు దరఖాస్తులో మొట్టమొదట చూచునది అదియే. ఒక ఆచార్యుని అప్రసన్నత ఆయనను పెక్కేండ్లు వెన్నాడెను.

ఉద్యోగము లేని ఆ యువకుని మద్రాసులోని ఆయుర్వేద కళాశాలవారు శరీరశాస్త్ర బోధకునిగా తీసికొనిరి. ఆ కళాశాలను నడపువారు డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారు. పాశ్చాత్య వైద్యమున పట్టము పొంది, ఆయుర్వేదమున విశ్వాసము గలిగినవారు. వీరికిని సుబ్బారావునకును గల సంబంధము ఉద్యోగముతో ముగియలేదు. సుబ్బారావు సోదరులిద్దరు స్ప్రూ అను గ్రహణివ్యాధిచే ఎనిమిది దినముల వ్యవధిలో ఒకరి వెనుక నొకరు మరణించిరి. తిన్న యన్నము ఒంటికి పట్టక, విరేచనములచే రోగి నానాటికి కృశించి, రక్తహీనుడై పోవుట ఆ వ్యాధి లక్షణము. ఆ వ్యాధియే సుబ్బారావును గూడ పట్టెను. ఆయనను లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్స బ్రదికించెనని చెప్పుదురు. ఆ మందులో నేమున్నది, అది యెట్లు పనిచేసినది, సోదరులకు దక్కనిది తనకేల దక్కినది యను ప్రశ్నలు ఆయనను వీడలేదు. వైద్యుడుగా రోగులను చూచుకొని జీవించుటకంటె, మందులను వెదకుటయే తన పని యని నిశ్చయించుకొనెను.

వెదకుటకు మద్రాసున ప్రయోగశాల లేదు. ఆ సమయమున రాకుఫెల్లరు సంస్థ సాయముతో మన దేశమునకు వచ్చిన ఒక అమెరికా వైద్యునితో ఆయనకు పరిచయమయ్యెను. ఆ వైద్యుడు అమెరికాకు పోయి చదువుమని ప్రోత్సహించెను. ఇక్కడ మాకొక సంగతి తోచుచున్నది. ధనవంతుడొకడు స్థాపించిన నిధి ఆ అమెరికా వైద్యుని ఇంతదూరము పంపగలిగెను. ఇక్కడి యువకుని అంతదూరము పంపుటకు అట్టి నిధి యేది?

నిధి ఒకటి కాకినాడలో నుండెను. కోరంగి రేవున పుట్టిన మల్లాడి సత్యలింగ నాయకరుగారు రంగూనుకు పోయి, అచ్చట వ్యాపారముచే విశేషధనమును గడించిరి. ఆ కాలమున గోదావరి, విశాఖ మండలములనుండి కూలికై బర్మాకు పోయిన తెలుగువారు వేనవేలు. ఓడలు కోరంగి, కాకినాడ రేవులనుండి పోవుటచే బర్మావారు తెలుగువారిని కోరంగీలని పిలుచుచుండిరి. ఆ పేరు గౌరవముతో పిలిచిన పేరు కాదు. అట్టి రేవునుండి పోయిన ఈ పల్లెవాడు తన ఆస్తిని ధర్మకార్యములకు వ్రాసి, పేదవిద్యార్థులకు చదువు చెప్పించుటకు ఏర్పాటుచేసెను. సుబ్బారావు ప్రయాణమగునాటికి నాయకరుగారు గతించియుండిరి. వారి పేరనున్న ధర్మసంస్థవారు సాయము చేయుదుమని మాట యిచ్చిరి. మిగిలిన సొమ్మును మామగారు సమకూర్చిరి. ఈ రెంటి బలముచేత, 1920 తరువాతి తొలి సంవత్సరములలో, సుబ్బారావు భార్యను పుట్టింట విడిచి బోస్టను నగరము చేరెను.

నాయకరుగారికిని సుబ్బారావుకును కులము వేరు, ఊరు వేరు, పరిచయము శూన్యము. సముద్రముమీద బ్రదికిన కుటుంబపు సొమ్ము, ఒక బ్రాహ్మణ ఉద్యోగి కుమారుని మరియొక సముద్రము దాటించెను. మేము ఈ వ్యాసమునకై సుబ్బారావు జీవితమును తిరుగవేయునప్పుడు అధికముగా నిలిచి చూచినది ఈ యొక్క విషయమువద్దనే.

హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చేరిన ఉష్ణమండల వైద్య విద్యాలయమున ఆయన విద్యార్థి యయ్యెను. అచ్చట ఆయనకు విద్యార్థివేతనము లేదు. తెచ్చిన సొమ్ము బోస్టను వంటి నగరమున ఎన్నాళ్లు నిలుచును? పగలు తరగతులకు పోవుచు, రాత్రులు పీటర్ బెంట్ బ్రిగం వైద్యశాలలో పనికి కుదిరెను. వైద్యుడై యుండియు ఆయనకు దొరికినది వైద్యుని పని కాదు. రోగుల మలమూత్ర పాత్రలను కడిగి తుడుచు రాత్రి పరిచారకుని పని. ఇంటివద్ద బ్రాహ్మణ కుటుంబమున పెరిగినవాడు, మద్రాసున శరీరశాస్త్రమును బోధించినవాడు, ఆ పనిని రాత్రులు చేసి తెల్లవారి తరగతిలో కూర్చుండెను. ఆ విధముగా ఆయన ఉష్ణమండల వైద్యమున పత్రము పొందెను.

ఇట్టి పనులను కొందరు మహాపురుషుల కథలలో అలంకారముగా వర్ణింతురు. కష్టపడినందుననే ఆయన గొప్పవాడయ్యెనందురు. మేమట్లు తలపము. రాత్రి నిద్రమాని పాత్రలు కడుగుటచే ఎవ్వనికిని రసాయనశాస్త్రము రాదు. ఆ గంటలు ఆయన ప్రయోగశాలలో గడిపియుండినచో ఇంకను ముందుగనే ఫలములు లభించియుండెడివి. ఆ కష్టమును ఆయన సహించుట గొప్ప. అట్టి కష్టము ఆయనకు రావలసివచ్చుట గొప్ప కాదు.

పత్రము పొందిన పిమ్మట ఆయన హార్వర్డులోని జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కె అను ఆచార్యునివద్ద చేరెను. మొదట చేపట్టిన పని చూచుటకు చిన్నది. రక్తమునందును మూత్రమునందును భాస్వరము ఎంతయున్నదో తూచుట ఎట్లు? అంతకుమునుపున్న పద్ధతులు దీర్ఘములు, నమ్మదగనివి. వీరు పరీక్షింపవలసిన ద్రవమునకు మాలిబ్డేటు అను లవణమును ఆమ్లముతో చేర్చి, పిమ్మట మరియొక రసాయనముచే దానిని మార్చగా నీలవర్ణము పుట్టెను. భాస్వరము హెచ్చుగా నున్నచో నీలము చిక్కనగును, తక్కువగా నున్నచో పలుచనగును. తెలిసిన పరిమాణము గల ద్రావణపు రంగుతో దీనిని పోల్చిచూచిన లెక్క తేలును. 1925లో ప్రకటింపబడిన ఈ పద్ధతికి ఫిస్కె-సుబ్బారావు పద్ధతియని పేరు. జీవరసాయనము చదువు విద్యార్థులు దానిని నేటికిని నేర్చుకొనుచున్నారు.

ఈ చిన్న పనియే పెద్ద పనికి దారితీసెను. కండరమునుండి తీసిన రసమును పరీక్షించునప్పుడు నీలవర్ణము వెంటనే పూర్తిగా రాక, మెల్లమెల్లగా చిక్కబడుచుండెను. మరియొకరైనచో పరీక్ష చెడిపోయెనని పారబోసియుందురు. వీరు ఆ ఆలస్యమునకు కారణమును వెదకిరి. కండరమున భాస్వరమును తనలో నిముడ్చుకొని, పరీక్షలో మెల్లగా విడిపోవు పదార్థమొకటి యున్నదని తేలెను. అదియే ఫాస్ఫోక్రియేటిను. దానిని 1927లో ప్రకటించిరి. 1929లో కండరమునుండియే ఏ.టి.పి. అను పదార్థమును వేరుపరచిరి. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమన్ అనునతడును దానిని స్వతంత్రముగా కనుగొనెను. మనము చేయి కదల్చుటకు, గుండె కొట్టుకొనుటకు శక్తినిచ్చునది ఈ పదార్థమేయని పదవ తరగతి దాటిన మన విద్యార్థులందరును వల్లెవేయుదురు. అంతకు మునుపు కండరశక్తికి లాక్టిక్ ఆమ్లమే మూలమని శాస్త్రజ్ఞులు తలచుచుండిరి. 1922వ సంవత్సరపు నోబెలు బహుమతిని పొందిన హిల్, మేయర్‌హాఫ్ అనువారి సిద్ధాంతమది. తెలుగు యువకునిది, ఆయన ఆచార్యునిది అయిన ఈ పని దానిని మార్చివేసెను.

1930లో సుబ్బారావు హార్వర్డునుండి డాక్టరు పట్టమును పొందెను. అయినను ఆ విశ్వవిద్యాలయమున ఆయనకు స్థిరమైన ఆచార్యపదవి దొరకలేదు. పదేండ్లు చిన్న పదవులలోనే గడిచెను. తన పనిని తానే చాటుకొను స్వభావము ఆయనకు లేదు. అదియొక్కటే కారణము కాదు. అదే శాఖలో విద్యార్థిగా నుండి 1988లో నోబెలు బహుమతి పొందిన జార్జి హిచింగ్స్ అను శాస్త్రజ్ఞుడు, సుబ్బారావు వేరుపరచిన కొన్ని పదార్థములను ఫిస్కె అసూయచేత వెలికి రానీయకుండుటచే వానిని తరువాతివారు మరల కనుగొనవలసివచ్చినదని పిమ్మట చెప్పెను. విద్యార్థికి వేతనము దొరకినంతమాత్రమున చాలదు. మంచి గురువును, తన పేర తన పని వెలువడు ఏర్పాటును గూడ దొరకవలెను.

మూడేండ్లలో తిరిగివత్తునని ఆయన చెప్పి పోయెనందురు. తిరిగి రాలేదు. శేషగిరిని ఆయన మరల చూడనే లేదు. చదువు ముగియగానే చేతిలో నున్న పని విడువరానిదయ్యెను. ఆ పని ముగియకమునుపే మరియొకటి మొదలయ్యెను. ఇంటివారి సొమ్ము, ధర్మసంస్థవారి మాట, మిత్రుల సాయము, ఇవి లెక్కలో వ్రాయుదుము. తండ్రి యింట పాతికేండ్లకు పైగా ఎదురుచూచిన భార్యది ఏ పద్దులో వ్రాయవలెను? ఆయన కీర్తిని తగ్గించుటకు మేమిది వ్రాయుటలేదు. దూరదేశపు చదువునకు బిడ్డను పంపు కుటుంబములు డబ్బు ఖర్చునొక్కదానినే లెక్కించుకొనుట చూచుచున్నాము గనుక వ్రాసితిమి.

నేటి ఏర్పాటులు నాటివి కావు. పట్టభద్రుడు విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘమువారి నెట్ పరీక్షయందు పై వరుసలో నెగ్గినచో పరిశోధన వేతనమునకు అర్హుడగును. 2023 జనవరినుండి అది నెలకు 37,000 రూపాయలు. విదేశమునకు పోదలచిన వెనుకబడిన కుటుంబముల బిడ్డలకు తెలంగాణ రాష్ట్రమున అంబేద్కరు పేరను, జ్యోతిబా ఫూలే పేరను 20 లక్షల రూపాయల వరకు విద్యానిధులు ఏర్పడినవి. ఇవి సుబ్బారావు కలలోనైనను ఎరుగనివి. కాని వీనిని పొందువారి సంఖ్య దరఖాస్తు పెట్టువారి సంఖ్యకు సరిపోదు. మిగిలినవారు పొలము కుదువబెట్టి అప్పు తీసికొందురు. మా ప్రాంతమునుండి గల్ఫు దేశములకు పోయి గడించినవారు కలరు, నగరములలో వ్యాపారముచే స్థిరపడినవారు కలరు. గుడికి ద్వారము కట్టించుటకును, ఊరి పండుగకు పందిరి వేయించుటకును వారు ధారాళముగా ఇత్తురు. సత్యలింగ నాయకరువంటి వీలునామా మాత్రము ఇంకను మాకు కనబడలేదు. ఒక్క విద్యార్థికి ఒక్క సంవత్సరపు ప్రయోగశాల రుసుము చెల్లించుట ఊరిలో పందిరి వేయుటకంటె హెచ్చు వ్యయము గాదని మా లెక్క.

1940లో సుబ్బారావు హార్వర్డును వదలి, న్యూయార్కు సమీపమున పెర్ల్ రివర్ అను చోటనున్న లెడర్లీ ప్రయోగశాలలలో చేరెను. అది మందులు తయారుచేయు కంపెనీ. విశ్వవిద్యాలయము ఇయ్యని స్వాతంత్ర్యమును, సహాయకులను, పరికరములను ఆ కంపెనీ ఇచ్చెను. కొలది కాలములోనే ఆయన పరిశోధన విభాగమునకంతకును అధిపతి యయ్యెను. జీవితమున మొదటిసారి సొమ్ము కొరత లేకుండ ఆయన పనిచేసినది ఈ ఎనిమిదేండ్లు మాత్రమే. ఆ ఎనిమిదేండ్లలో వెలువడిన ఫలములను చూచినచో, ఆ వసతి ఇరువదేండ్ల ముందు దొరకియుండిన ఏమగునో యని తోచకమానదు.

ఆయన రాత్రి పనిచేసిన బ్రిగం వైద్యశాలకు చెందిన మర్ఫీ అను వైద్యుడు, మైనాట్ అను మరియొకరితో కలిసి 1926లో, పశువుల కాలేయమును తినిపించిన ఒక విధమైన ప్రాణాంతక రక్తహీనత తగ్గునని చూపించిరి. కాలేయములో నున్న ఆ మందేదో వేరుపరుపవలెనని సుబ్బారావు హార్వర్డులోనే మొదలుపెట్టెను. మన దేశమునందును ఇట్టి వెదకులాట సాగియుండెను. లూసీ విల్స్ అను వైద్యురాలు బొంబాయి నగరపు నేతమిల్లులలో పనిచేయు గర్భవతులకు వచ్చు రక్తహీనత ఈస్టుతో తగ్గునని 1931లో ప్రకటించెను. 1941లో అమెరికాలో కొందరు నాలుగు టన్నుల పాలకూరనుండి అణుమాత్రముగా ఒక పదార్థమును తీసి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. ఆకునుండియు కాలేయమునుండియు తీసిన అణుమాత్రము రోగులకు చాలదు. దానిని ప్రయోగశాలలో రసాయనములతో నిర్మింపవలెను. సుబ్బారావు నాయకత్వమున లెడర్లీ బృందము 1945లో ఆ పని చేసి చూపెను.

బ్రిగం వైద్యశాలవారి రోగమునకు ఇది పూర్తి మందు కాలేదు. దానికి బి-12 అను వేరొక విటమిను కావలసియుండెను, అది 1948లో ఇతరులచే వేరుపరుపబడెను. కాని ఫోలిక్ ఆమ్లము మరియొక రోగమును బాగుచేసెను. టామ్ స్పైస్ అను వైద్యుడు క్యూబా ద్వీపమున దానిని స్ప్రూ రోగులకిచ్చి చూడగా, ఎండి కృశించినవారు కొలదిదినములలోనే ఆకలి కలిగి, రక్తము పట్టి లేచి కూర్చుండిరి. సుబ్బారావు సోదరులిద్దరిని ఎనిమిది దినములలో తీసికొనిపోయిన రోగమదియే. మద్రాసు విడిచిననాడు ఆయన వెంట తెచ్చుకొన్న ప్రశ్నకు ఇరువదేండ్లకు పైబడి లభించిన జవాబిది.

నేడు మా తాడ్వాయి మండలమున ఏ గ్రామమందైనను గర్భవతికి ఆరోగ్యకేంద్రమువారు ఇనుముతో కూడిన మాత్రలను ఇత్తురు. ఆ మాత్రలో ఇనుముతో కలిసియున్నది ఈ ఫోలిక్ ఆమ్లమే. గర్భములోని శిశువు వెన్నెముక చక్కగా ఏర్పడుటకు అది యవసరమని శాస్త్రజ్ఞులు తరువాత కనుగొనిరి.

మిగిలిన వానిని క్లుప్తముగా చెప్పుదుము. బోదకాలు రోగమునకు కారణమైన సన్నని పురుగులను చంపు హెట్రజాను అను మందు 1947లో ఆయన బృందమునుండి వెలువడెను. కోస్తా తీరమున ఆ రోగము విస్తారము. డి.యి.సి. అను పేరుతో ఆ మాత్రనే ప్రభుత్వమువారు ఇంటింట పంచుచు వచ్చిరి. ఫోలిక్ ఆమ్లపు రూపమును కొంచెము మార్చి నిర్మించిన అమినోప్టెరిను అను మందును బోస్టనులోని సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్తపు క్యాన్సరు సోకిన పసిపిల్లలకు ఇచ్చి, ఆ రోగము తాత్కాలికముగానైనను వెనుకకు తగ్గునని 1948లో లోకమునకు తెలిపెను. అంతవరకు ఆ రోగమునకు మందనునది లేదు. దాని తోబుట్టువైన మెతోట్రెక్సేటు నేటికిని వాడబడుచున్నది. ఆయన పిలిపించిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిను డగ్గర్, ఏడు పదులు దాటిన వృద్ధుడు, మిస్సోరి రాష్ట్రపు పొలములో తీసిన మట్టినుండి ఆరియోమైసిను అను మందును కనుగొనెను. టెట్రాసైక్లిను జాతి మందులలో అదియే మొదటిది. ముదుసలియని డగ్గరును విశ్వవిద్యాలయము విశ్రాంతికి పంపివేసినది. సుబ్బారావు అట్టివానికి ప్రయోగశాలనిచ్చెను.

ఇన్ని చేసినను ఆయన పత్రికలకెక్కలేదు. సమావేశములలో కంపెనీ పేరను ఇతరులు మాటలాడుచుండగా ఆయన వెనుక వరుసలో కూర్చుండెనందురు. తీరికవేళల విమానము నడుపుట నేర్చుకొనెను. భారతీయులకు అమెరికా పౌరసత్వము పొందు హక్కు 1946 చట్టముచే కలిగినను, ఆయన ఆ పనిని పూర్తిచేసికొనలేదు. 1948 ఆగస్టు మాసమున ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగి మరణించెను. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరములు. ఆరియోమైసిను లోకమునకు ప్రకటింపబడి నెల దినములైనను కాలేదు.

ఆయన శతజయంతి సంవత్సరమైన 1995లో భారత ప్రభుత్వము ఆయన బొమ్మతో తపాలాబిళ్లను వెలువరించినది. ఒక శిలీంధ్రమునకు ఆయన పేరిట సుబ్బారోమైసిస్ అని నామకరణము జరిగినది. కాకినాడలో మల్లాడి సత్యలింగ నాయకరుగారి పేరనున్న విద్యాసంస్థలలో పిల్లలు చదువుకొనుచున్నారు.